కొర్రమీను తిరుగుదారి

మా కొత్తవలస వైపు పల్లెల్లో పెరిగినవాళ్ళని ఎవర్నైనా చేపల సంగతి అడగండి. ఆరుద్ర కార్తె వానకి చేపలు ఎదురెక్కడం గురించే చెబుతారు. తొలకరి నీరు మళ్ళలోంచి మడవల గుండా గెడ్డలోకి దూకుతుంటే పరిగెలు, జెల్లలు, మార్పులు, మట్టగిడసలు ఆ నీటికి ఎదురు ఎగబడేవి. లాంతర్లు పట్టుకుని ఊరంతా గట్ల మీదే ఉండేది. తెల్లారేసరికి మడవలకి పెట్టిన మావులు, అంటే చేపలు పట్టే బుట్టలు, నిండేవి. ఆ రాత్రుల ముచ్చట ఎంత చెప్పినా తరగదు. కానీ ఆ చేపలు గుడ్లు పెట్టాక ఎక్కడున్నాయి, ఏం తిన్నాయి, ఏ దారిన ఎప్పుడు వెనక్కి వెళ్ళాయి అని అడిగితే చాలామంది ఆగిపోతారు. ఎదురెక్కడం రెండు మూడు వారాల సందడి. వెనక్కి వెళ్ళడం మాత్రం నెలల తరబడి సాగుతుంది. నా చిన్నతనం, అంటే 1980ల నాటి మాట, ఆ తిరుగుదారి పక్కనే గడిచింది. అన్ని చేపల్లోకీ కొర్రమీను దారి నాకు బాగా తెలుసు.

బయటివాళ్ళకి కొత్తవలస అంటే రైలు జంక్షన్. 1893–96 మధ్య వేసిన తూర్పు తీరపు రైలుమార్గం మీద ఉన్న ఊరు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి 1960లలో వేసిన కిరండోల్ లైను ఇక్కడే విడిపోయి, శృంగవరపుకోట మీదుగా కొండలెక్కుతుంది. ఆ లైను మీద వెళ్ళే బండెక్కితే బొర్రా గుహల దగ్గర దిగొచ్చు. ఆ కొండల్లో పుట్టిన గోస్తనీ తాటిపూడి, జామి మీదుగా పారి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మా వైపు నది అంటే గోస్తనీయే. మిగతావన్నీ గెడ్డలు. వానాకాలమంతా ఉరికి, సంక్రాంతికి సన్నబడి, శివరాత్రి నాటికి మడుగులు మడుగులుగా తెగిపోతాయి. గెడ్డకీ చెరువుకీ మధ్య మళ్ళు, మళ్ళకీ మళ్ళకీ మధ్య గట్లు, గట్లకి మడవలు. కొర్రమీనుకి ఏడాది మొత్తం ఈ కాస్త మేరలోనే గడిచిపోతుంది.

ఇంకొక చోటు కూడా ఉంది. రైలుకట్ట ఎత్తడానికి పక్కనే మట్టి తీసిన గుంటలు లైను పొడవునా ఉండేవి. వానలు పడగానే అవి నిండి, కట్ట కింద తూముల గుండా అటు పొలాలకీ ఇటు గెడ్డకీ కలిసిపోయేవి. వాటి మీద ఎవరి అజమాయిషీ ఉండేది కాదు. తుంగ, తూటికూర కమ్ముకుని ఉండేవి. కొర్రమీనుకి అంతకంటే మంచి పురిటిల్లు లేదు.

ఉబాలు మొదలయ్యే రోజుల్లో, పునర్వసు పుష్యమి కార్తెల మధ్య, మేం బడికి రైలుకట్ట వారగా వెళ్ళేవాళ్ళం. ఆ గుంటల్లో మోకాలు దాటని నీళ్ళలో కలుపు మధ్య పళ్ళెం వెడల్పున ఖాళీ జాగా కనిపించిందంటే అక్కడ జత చేరిందని అర్థం. ఆడదీ మగదీ కలిసి కలుపు తప్పించి ఆ జాగా చేసుకుంటాయి. తేనెరంగు గుడ్లు, ఒక్కోదాంట్లో నూనెబొట్టు ఉంటుంది గనక, నీటి మీదే తేలుతాయి. ఒకటి రెండు రోజుల్లో పగులుతాయి. ఆ తరవాత కనిపించేది చూసినవాళ్ళెవరూ మరిచిపోరు. ఎర్రటి పిల్లలు వందల కొద్దీ ఒకే గుంపుగా తేలి, తిరుగుతూ, ఉన్నట్టుండి మునుగుతూ ఉంటాయి. గాలి కోసం పైకి వచ్చినప్పుడు ఆ జాగాలో నీరు చిటపటలాడుతుంది. కింద నల్లటి నీడగా పెద్ద చేప. ఖనిజం బండి వెళ్తుంటే నేల అదిరేది, గుంపు మొత్తం ఒక్కసారిగా అడుక్కి దిగిపోయేది. చివరి వ్యాగను దాటేదాకా నిలబడితే మళ్ళీ తేలేది.

ఆ కాలంలో కొర్రమీనుని పట్టడమంత తేలిక ఇంకొకటి లేదు. గాలానికి చిన్న కప్పని గుచ్చి ఎర్రపిల్లల గుంపు మధ్యలో ఆడిస్తే చాలు. పిల్లల మీదికి వచ్చిన దేన్నైనా కరవడం తల్లిదండ్రుల స్వభావం. ఆ కాపలాయే వాటి చావు. బయటి ఊళ్ళ నుంచి వచ్చి అలా పట్టుకుపోయేవాళ్ళు ఉండేవారు. కొర్రమీను బతికున్నంతసేపూ ధర పలుకుతుంది, కాసిన్ని నీళ్ళున్న బిందెలో పూటంతా బతికే ఉంటుంది. బాలింతకీ, ఆపరేషనై ఇంటికొచ్చినవాళ్ళకీ ఈ చేప పెట్టాలన్న నమ్మకం మా వైపు గట్టిది. మలేసియాలో కూడా ఇదే చేపని హారువాన్ అని పిలిచి, గాయం మానడానికి తినిపిస్తారు.

మా వీధి చివర ఒక ముసలాయన ఉండేవాడు. వరస కలిపి తాత అనేవాళ్ళం. గెడ్డలో విసురువల వేయడం ఆయన బతుకుతెరువు. అలాంటి మనిషి మమ్మల్ని ఆ గుంటల దగ్గర చూస్తే కేకలేసేవాడు.

“పిల్లల్తోటున్నదాన్ని ముట్టకురా గుంటడా. వొగ్గెయ్. అదెల్లిపోతే ఆ పిల్లలు కప్పల పాలే గదేటి!”

చేపలు పట్టి బతికే మనిషి చేపని వదిలెయ్యమనడం అప్పుడు మాకు వింతగా ఉండేది. కానీ ఆయన మాట దాటేవాళ్ళం కాదు. దాదాపు నెల రోజులు ఆ కాపలా సాగుతుంది. వినాయక చవితి వచ్చేసరికి పిల్లలు వేలెడంత ఎదిగి, ఎరుపు పోయి, నలుపు తిరిగి, గుంపు విడిపోతుంది. ఎవరి దారి వారిది.

అక్కణ్ణించి కార్తీకం దాకా కొర్రమీను వరిమళ్ళలోనే ఉంటుంది. ఇది ఎవరి లెక్కలోకీ రాని కాలం. నిజానికి చేప కండ పట్టేది అప్పుడే. గుడ్లు పెట్టి, పిల్లల్ని కాసి, చిక్కి సగమైన పెద్ద చేపలు ఆ పొలాల్లో కప్పల్నీ, పీతల్నీ, పరిగెల్నీ తిని మళ్ళీ బలుస్తాయి. వరి దుబ్బుల మధ్య నీరు లోతు తక్కువ, వేడెక్కుతుంది, అందులో ప్రాణవాయువు కరువు. బొచ్చె, శీలావతి లాంటి చేపలైతే ఆ నీళ్ళలో నోళ్ళు తెరుస్తాయి. కొర్రమీనుకి మొప్పల పైన తలలో ఒక గాలిగది ఉంది. పైకి వచ్చి గాలి గుక్కపెట్టి మళ్ళీ దిగుతుంది. గాలి అందకుండా చేస్తే ఎంత స్వచ్ఛమైన నీళ్ళలోనైనా చచ్చిపోతుంది. అందుకే ఇతర చేపలు నిలవలేని చోట అది ఏలుతుంది. గట్టు మీద నడుస్తుంటే చేలోపల టపుక్కుమన్న చప్పుడు విని, “అదిగో కొర్రమీను” అని పందెం వేసుకునేవాళ్ళం. వెన్ను తీసిన వరిలో దిగితే పెద్దవాళ్ళు ఊరుకోరు గనక ఆ పందాలు ఎప్పుడూ తేలేవి కావు.

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగాక పొలంలో మార్పు మొదలవుతుంది. గింజ గట్టిపడుతుంటే రైతు మడవ తెగ్గొట్టి నీళ్ళు వదులుతాడు. ఆ నెలల్లో తుపాను వస్తే మళ్ళీ నిండుతుంది, మళ్ళీ వదులుతాడు. నీరు తీస్తోందని చేపకి మనకంటే ముందు తెలుస్తుంది. నాగులచవితికి పుట్టలో పాలు పొయ్యడానికి తెల్లారగట్ల పొలాల్లోకి వెళ్ళేవాళ్ళం కదా, ఆ రోజుల్లోనే తిరుగుప్రయాణం జోరుగా సాగేది. మావు మూతి ఎటు తిరిగి ఉందో చూస్తే ఏ కాలమో చెప్పెయ్యొచ్చు. ఆరుద్రలో ఎదురెక్కే చేప కోసం మూతి గెడ్డ వైపు ఉంటుంది. కార్తీకంలో దిగివచ్చే చేప కోసం దాన్ని పొలం వైపు తిప్పి పెడతారు.

అయితే కొర్రమీను అన్నిసార్లూ మడవ దారినే పోదు. మంచు బాగా పడ్డ రాత్రి గట్టు మీదికి జారి, తడిగడ్డి మీద ఒళ్ళు మెలితిప్పుకుంటూ అవతలి మడిలోకి దిగిపోతుంది. ఒళ్ళు తడిగా ఉన్నంతసేపూ దానికి గాలి చాలు. పొద్దున్న ఆ జాడ కనిపించేది. గడ్డి ఒకే వైపుకి ఒరిగి, మీద జిగురు మెరుస్తూ ఉండేది. ఆలస్యం చేసినవి పల్లపు మళ్ళలో గుంటలకి చిక్కుకునేవి. వాటిని కొంగలు పొడిచేవి, కొన్ని మాకు దొరికేవి. అలా చిక్కినవాటిని పట్టుకుంటే తాత ఏమీ అనేవాడు కాదు. ఇంటికి తెస్తే మా అమ్మ బూడిద రాసి బండ మీద తోమేది. అంత జారుడు చేపని ఇంకెలా పట్టగలరు?

గెడ్డ చేరిన చేపలు పారే నీటిలో ఎక్కువ రోజులు ఉండవు. నేరేడు వేళ్ళు దిగిన ఒంపులో లోతైన మడుగు ఒకటి ఉండేది. అదీ, చెరువులో మదుం దగ్గరి లోతూ, రైలుకట్ట వారనున్న గుంటల్లో బాగా లోతైనవి రెండు మూడూ మాత్రమే వేసవి దాకా నీళ్ళు పట్టి ఉండేవి. ఊరి మొత్తం కొర్రమీను మాఘమాసానికి ఆ నాలుగైదు చోట్లకి చేరేది. కనుమనాడు చెరువులో అందరూ దిగేవాళ్ళు, ఊతలు పట్టుకుని వరసగా. ఆ పూట కేరింతలు ఇంకా చెవుల్లో ఉన్నాయి. మడుగు జోలికి మాత్రం ఎవరూ పోయేవారు కాదు. ఎందుకని అడిగితే తాత అన్నాడు:

“ఇత్తనం ఉండాల్రా. గాదిలో ఇత్తనం తినేసినోడు మళ్ళీ యేడు ఏటి జల్లుతాడు?”

రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో ఆ మడుగు కూడా బురదగా మారేది. కొర్రమీను ఆ బురదలోకి దూరి, పైన నెర్రెలు వేసినా అడుగున తడి ఉన్న పొరలో, ఒంట్లో దాచుకున్న కొవ్వు మీద బతుకుతుంది. పలుగుతో పెళ్ళ లేపితే కదులుతుంది. పైనుంచి చూస్తే ఎండిపోయిన గెడ్డ. కింద వచ్చే ఏడాది పంట.

ఈ దారి అక్కడక్కడా తెగడం నా కళ్ళముందే మొదలైంది. నాట్లు వేసిన కొద్దిరోజులకి పొలంలో గుళికల మందు చల్లడం మా వైపు అలవాటైంది. ఎర్రపిల్లల కాలమూ అదే. మందు చల్లిన మర్నాడు పరిగెలు తెల్లగా తేలేవి, పీతలు గట్టు మీదికి పాకి చచ్చేవి. తరవాత పుండ్ల జబ్బు వచ్చింది. అది 1988లో ఈశాన్య రాష్ట్రాల్లో కనిపించి, కొన్నేళ్ళలోనే దేశమంతా పాకింది. నీటిబూజు జాతి సూక్ష్మజీవి ఒకటి చర్మంలోకి దిగి కండని తినేస్తుంది. అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్నది కొర్రమీను జాతే. వానలు వెనకపట్టి, చలి ముదిరి, నీళ్ళు తగ్గి, చేపలన్నీ మడుగుల్లో కిక్కిరిసే నెలల్లోనే అది విజృంభించేది. ఒంటి మీద ఎర్రటి గుంటలు పడిన చేపల్ని ఎవరూ కొనేవారు కాదు. తాత ఆ చలికాలం వల ముడిచి చూరులో పెట్టేశాడు. మడుగు ఒడ్డున కూర్చుని నీళ్ళకేసి చూస్తుండేవాడు. అడిగితే పలికేవాడు కాదు.

తరవాతెప్పుడో పెద్దయ్యాక, ఎల్సా అమిలాట్, కై లోరెంజెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈశాన్య థాయిలాండ్ వానాధారపు వరి పొలాల్లో కొర్రమీను మీద చేసి, 2005లో అచ్చువేసిన అధ్యయనం గురించి చదివాను. వేసవిలో పెద్ద చేపలు ఏడాదంతా నీళ్ళుండే చోట్ల ఉంటాయి, వానలకి వరిమళ్ళలోకి వెళ్ళి గుడ్లు పెడతాయి, నీరు తీశాక మళ్ళీ ఆ చోట్లకే చేరతాయి. అక్కడి రైతులు తిరిగివచ్చే చేపల కోసం పొలంలోనే గుంటలు తవ్వి ఉంచుతారట. ఎండాకాలం ఆ గుంట తోడేస్తే అందులో చేరినవన్నీ పోతాయి. చదువుతుంటే మా ఊరి గెడ్డే కళ్ళముందు కదిలింది. మీకాంగ్ నది దేశాల్లో చేపల్ని రెండు రకాలుగా చెబుతారు. నది వెంట వందల కిలోమీటర్లు పోయేవి తెల్లచేపలు. పొలాలకీ గుంటలకీ మధ్యే తిరుగుతూ గాలి పీల్చి బతికేవి నల్లచేపలు. కొర్రమీను రెండోరకం.

మన గోదావరి పులస మొదటి రకపు బతుకు బతుకుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా సముద్రం వదిలి వరదకి ఎదురీది, గుడ్లు పెట్టి, మళ్ళీ సముద్రానికి పోతుంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దాని పైదారిని కట్టేసింది. పులస గురించి పత్రికలు ఏటా రాస్తాయి, వేలంలో ఎంత పలికిందో టీవీలు చూపిస్తాయి. ఎదురెక్కేటప్పుడే దానికి విలువ, దిగిపోయేటప్పుడు పేరెత్తేవాడు లేడు. చేపని వంటింటి వైపు నుంచి మాత్రమే చూస్తే అంతే కనబడుతుంది. పాత పుస్తకాల్లోనూ తిరుగుదారి కనబడదు. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన రెండువందల చేపల్ని బొమ్మలతో సహా వర్ణించిన పుస్తకం 1803లో లండన్‌లో వచ్చింది. మన తీరానికి అది గొప్ప గౌరవం. కానీ బొమ్మలో పొలుసూ రెక్కా ఉంటాయి, ఆ చేప కార్తీకంలో ఎక్కడుంటుందో ఉండదు. ఫ్రాన్సిస్ డే అనే చేపల శాస్త్రవేత్త 1873లో మంచినీటి చేపల మీద ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. గుడ్లచేపలూ పిల్లలూ బోనులకి బలవుతున్నాయని అందులో మొత్తుకున్నాడు. చివరికి 1897లో వచ్చిన చేపల చట్టం నీళ్ళలో మందుగుండు పేల్చడాన్నీ విషం కలపడాన్నీ నిషేధించింది. తిరిగివెళ్ళే దారికీ, వేసవి మడుగుకీ రక్షణ ఊళ్ళోని తాతల మాటే.

ఆ తాతలు ఇప్పుడు లేరు. బజారులో దొరికే కొర్రమీను చాలావరకు చెరువుల్లో మేత వేసి పెంచినది. అదీ మంచిదే, పెంచేవాళ్ళకి బతుకు దొరుకుతోంది. కానీ దానివల్ల గెడ్డలో కొర్రమీను నిలవదు. మడవల చోట సిమెంటు తూములు వచ్చాయి. అవతలి వైపు మనిషి నడుమెత్తున నిలువుగా దిగే తూముని ఏ చేపా ఎక్కలేదు. మెట్టుగా నాలుగు రాళ్ళు పేరిస్తే ఎక్కుతుంది. ఆ నాలుగు రాళ్ళు ఏ ఎస్టిమేట్‌లోనూ ఉండవు.

దేశంలో ఉపాధి హామీ పథకం మొదలైన తొలి జిల్లాల్లో, 2006లోనే, విజయనగరం ఉంది. వలసపోయే కుటుంబాలకి అది అన్నం పెట్టింది. దాన్ని నేను చిన్నచూపు చూడను. చెరువు పూడిక తీయడం మా వైపు ఆ పథకం కింద జరిగే ముఖ్యమైన పని. అది జరిగేది సరిగ్గా చేప బురదలో దాగి ఉన్న చైత్ర వైశాఖాల్లో. చెరువు అడుగంతా చదునుగా, సమానంగా చెక్కేస్తే నీళ్ళు ఎక్కువ పట్టవచ్చు. దాగిన చేప మాత్రం మట్టితో పాటు గట్టుకెక్కుతుంది. పైగా మరుసటి వేసవికి దాక్కోవడానికి లోతు మూల ఉండదు.

పులసని కాపాడాలంటే సముద్రం, నది, బ్యారేజీలు, ప్రభుత్వాలు అన్నీ కలిసిరావాలి. కొర్రమీను ప్రయాణం ఒక ఊరి పొలిమేర దాటదు. దాని పురిటి గుంట, మేత పొలం, తిరుగుదారి, వేసవి మడుగు అన్నీ ఒక్క పంచాయతీలోనే ఉంటాయి. దాన్ని తుడిచెయ్యడానికి ఒక ఊరు చాలు, నిలబెట్టడానికీ ఒక ఊరే చాలు.

అందుకే మా వైపు చదువరులకి ఒక విన్నపం. మీ ఊరి చెరువు పని మొదలవ్వకముందే సర్పంచినీ, ఫీల్డ్ అసిస్టెంటునీ వెంటబెట్టుకుని చెరువులోకి దిగండి. వేసవి చివరిదాకా తడి ఆరని మూల ఎక్కడుందో పశువులు కాసేవాళ్ళని అడగండి, వాళ్ళకి తప్పక తెలుస్తుంది. అక్కడ నాలుగు కర్రలు పాతి, ఆ మేర పలుగు పడకుండా వదిలెయ్యమని చెప్పండి. పని లెక్కలో తగ్గేది కొద్ది ఘనపు మీటర్ల మట్టి మాత్రమే. కార్తీకంలో పొలం నీళ్ళు వదిలేటప్పుడు ఒక్క మడవనైనా మావు పెట్టకుండా వదిలెయ్యండి. ఎర్రపిల్లలు కనిపించిన గుంటలో గాలం వెయ్యనివ్వకండి.